ఆసుపత్రికి పనికొచ్చిన మనిషి

తాళాలాయనకు నలభై ఆరేళ్ళు. మార్కెట్ మలుపులో తలుపంత వెడల్పు కొట్టు, దాని మీదే గది. ఒంటికాయ శొంఠికొమ్ము. ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు తెరిచినవాడే గాని, లోపలికొచ్చి కూర్చోమన్న ఇల్లు ఒక్కటీ లేదు.

ఆసుపత్రిలో మొరాయించిన బీరువా తెరవడానికి వెళ్ళి, గోడ మీద కాగితం చదివాడు. మందుల దెబ్బకు పేగుల్లో మంచి క్రిములు చచ్చిపోయిన రోగులకు, ఆరోగ్యవంతుల మలాన్ని వడకట్టి ఆ పేగుల్లోకే ఎక్కిస్తారట. దాతలు కావాలట.

"నవ్వకు తల్లీ, నేను పనికొస్తానా?" అని నర్సును అడిగాడు.

"నవ్వడం మానేసి రెండేళ్ళయింది బాబాయ్. వందమంది వస్తే ముగ్గురు మిగలరు. కూర్చోండి."

మూడు పేజీల ప్రశ్నలు. ఈమధ్య యాంటీబయాటిక్ మింగారా? పచ్చబొట్టు పొడిపించుకున్నారా? ఇంట్లో ఎవరికైనా విరేచనాలా? ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్ళున్నారా?

"ఇంట్లో బల్లి ఉంది. దానికి బాగానే ఉంది."

రక్తం, మలం అన్నీ పరీక్షించి దాతగా తీసుకున్నారు. ఒంటరితనానికి మార్కులు పడే చోటు లోకంలో అదొక్కటే అయ్యుంటుంది.

రోజూ ఉదయం ఏడింటికల్లా మూత డబ్బాతో వెళ్ళేవాడు. ఏం తిన్నారు, నిద్ర పట్టిందా అని నర్సు అడిగేది. ఆమె కాగితం నింపడానికి అడిగేది. తల్లి పోయాక ఆ మాట అడిగినవాళ్ళు లేరు గనక ఆయన వివరంగా చెప్పేవాడు. బయటి తిండి మానేశాడు. తుమ్మే గిరాకీని గుమ్మం అవతలే నిలబెట్టేవాడు.

ఐదో నెలలో చెల్లెలు ఫోన్ చేసింది. ఆమె కూతురు పేగు జబ్బుతో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. ఇక్కడ పెద్ద డాక్టరుకు చూపించాలి, వారం రోజులు నీ దగ్గరుంటాం అంది.

"గదికి రంగులేయిస్తున్నానమ్మా."

"ఆ అగ్గిపెట్టెకి వారం పడుతుందా?"

"వాసన... పాపకు పడదు."

"సరేలే" అని పెట్టేసింది.

ఆ సంగతి వారం తిరక్కుండా నర్సుకు గొప్పగా చెప్పాడు. ఆమె కలం ఆగిపోయింది.

"వద్దన్నారా? మాకొక్క మాట చెబితే రెండు నెలలు ఆపి, మళ్ళీ పరీక్షలు చేసి తీసుకునేవాళ్ళం కదా బాబాయ్! చుట్టాల్ని మానుకోమని ఏ పేజీలో ఉంది?"

అడగాలనే తట్టలేదు. తట్టినా అడిగేవాడు కాదేమో. రెండు నెలల్లో ఇంకొకడు దొరికితే?

వరండాలోకి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేశాడు. దాచకుండా అంతా చెప్పాడు.

"నీ దొడ్డికున్న విలువ నా కూతురికి లేకపోయిందన్నమాట."

"తప్పయిందమ్మా. ఎక్కడున్నారు? ఇప్పుడే వస్తా."

"బస్టాండు దగ్గర ఏదో లాడ్జిలోలే. నువ్వు రాకు అన్నయ్యా. నీకేదైనా అంటుకుంటే ఆసుపత్రికి నష్టం."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

లోపలికెళ్ళి, "రెండు నెలలు నా పేరు ఆపెయ్యి తల్లీ" అన్నాడు.

బస్టాండు చుట్టూ పదకొండు లాడ్జీలున్నాయి. మధ్యాహ్నానికి అన్నిట్లోనూ అడిగాడు. చిన్నపాపతో ఆడమనిషి ఎవరూ దిగలేదన్నారు.