సిరంజిలో నీళ్లు

“...నీళ్లు గదా ఇవి! పదిహేను రోజుల్నుంచి మా అబ్బకి నీళ్లు పొడస్తా ఉండావా నర్సమ్మా?”

ఖాదర్ బాషా చేతిలో డిస్టిల్డ్ వాటర్ బుడ్డి ఉంది. లిదియమ్మ దాన్ని లాక్కోలేదు. గోడ గడియారం వైపు చూసింది. సాయంత్రం ఆరుకి ఇంకా అయిదు నిమిషాలు. సూదికీ సూదికీ పన్నెండు గంటల ఎడం తప్పకూడదు.

ఆత్మకూరు ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు నర్సుగా చేసి, 1980లో రిటైరై ఉదయగిరి చేరిందామె. సిరంజి నిండుగా కనపడకపోతే ఈ పక్క జనం సూది వేయించుకున్నట్టే అనుకోరు. అందుకని ఎంత కొంచెం మందైనా నీళ్లు కలిపి నింపడం అలవాటైంది. ఖాదర్ తండ్రి లాల్ బాషాకీ అదే చేసింది. రిటైరైన నాలుగేళ్లకి ఇవాళ పట్టుబడింది.

“మందు తగ్గించలేదబ్బాయ్. మద్రాసు డాక్టరు రాసిన కొలతే. నీళ్లు మీ తృప్తికి కలిపినా.”

“మా తృప్తికా! ఈ రక్తం క్యాన్సరుకే వేరేవాళ్లకి పదింతలు ఎక్కిస్తారంట. వింజమూరు మందులషాపాయన చెప్పినాడు. మిగిలిందంతా ఒక్కసారే పొడువు. లేదంటే నెల్లూరు తీసకపోయి పొడిపిస్తా.”

“పదింతలైతే చెడ్డ కణాలతోపాటు మంచివీ చస్తాయి. అరవై ఎనిమిదేళ్ల మనిషి తట్టుకోలేడు. ఇంత కొంచెమేస్తే, కణం రెండుగా చీలేదానికి కావాల్సిన సరుకు లోపల తయారుకాదంట. చీలడం ఆగితే, ఇంకా ఎదగని ఆ పచ్చి చెడ్డ కణాలు కొన్నయినా ముదురుతాయేమోనని డాక్టరు ఆశ. ముదిరినవి ఇంక పిల్లల్ని పెట్టవు, వాటి కాలానికి అవే పోతాయి.”

“ఏమోనా?”

“ఏమోనే.”

నిన్న ఆత్మకూరు బస్సులో వచ్చిన రిపోర్టు ఆమె సంచిలోంచి తీసింది. పచ్చి కణాలు తగ్గాయి. ముదిరినవి అక్కడక్కడా కనిపించాయి. రక్తం గడ్డకట్టించే కణాలు కూడా బాగా పడిపోయాయి. ఆ చివరి మాట నిన్న దాచింది. ఇప్పుడు అదీ చెప్పింది.

లాల్ బాషా మంచం మీద కూర్చుని చెక్కగరిటె కాడను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. తెగితే రక్తం ఆగదని ఉలి ముట్టనీయకుండా దాచింది లిదియమ్మే. పొద్దున చిగుళ్లనుంచి కారిన రక్తం ఆయన తుండుగుడ్డ మీద నల్లగా ఎండింది.

“పచ్చి కర్ర మీద పెద్ద దెబ్బేస్తే పగులుద్దిరా,” అన్నాడు.

“నువ్వేమన్నా గరిటెవా అబ్బా?”

“గరిటెనైతే ఈపాటికి అమ్ముడుపోయుందును.”

లాల్ బాషా నర్సు వైపు తిరిగాడు.

“నీళ్ల సంగతి నాకన్నా చెప్పకూడదా లిదియమ్మా?”

“తప్పయిపోయిందన్నా.”

గడియారం ఆరు కొట్టింది. ఖాదర్ బుడ్డిని వదల్లేదు. లాల్ బాషా గరిటెను పక్కన పెట్టి, చొక్కా పైకెత్తి, పొట్ట మీద నిన్నటి కమిలిన మచ్చకు ఎడంగా వేలు పెట్టి చూపించాడు.

“మిగతా రోజులన్నీ ఇదే కొలత. నీళ్లొద్దు, చిన్న సిరంజితో పొడువు. ఖాదరూ, నెల్లూరు పోయేది లేదు.”