చేప మీదకు నెట్టిన పాపం

సుజాతా, జపాను కోయ్ చేప డబ్బు తెచ్చే బొమ్మని నిన్న మన గ్రూపులో రాశావు. కాదు. జపానువాళ్ళ కథలో అది జలపాతానికి ఎదురీది డ్రాగన్ అవుతుంది. అందుకే నా మనవరాలు నర్సయిన రోజున దాన్ని మణికట్టు మీద పచ్చబొట్టుగా పొడిపించుకుంది.

సౌదీవాళ్ళకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో ఎరుపు జాబితాలో పడ్డ కంపెనీ, ఇక్కడ ఉండే అనుమతి పత్రం, ఆమె ఇకామా, పొడిగించలేకపోయింది; ఉద్యోగం పోయింది. ఈ రోజు జుబైల్‌లో మా ఇంటికి ప్రార్థనకొచ్చిన మరియమ్మ, "పచ్చబొట్టు పాపం తల్లీ, అందుకే ప్రభువు ఉద్యోగం తీసేశాడు," అని పిల్లతో అంది.

నాకు ఒళ్ళు మండింది. "మీ ఆయన ఇకామా కూడా ఆగిందిగా వదినా, ఆయనకెక్కడుంది చేప?" అన్నాను. టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆలోపే పిల్ల వంటింట్లో గిన్నెల పీచుతో మణికట్టు నెత్తురొచ్చేలా తోముకుంది. నర్సు చదువట! చేప మాత్రం చెక్కుచెదరలేదు. నేనన్నది తప్పయితే చెప్పండి, వింటాను, ఒప్పుకోను.

సుజాతా, మా ఇంటికి వచ్చేటప్పుడు గాయాలకు రాసే ఆయింట్‌మెంట్ పట్రా. గిన్నెల పీచు మాత్రం తేకు, ఉన్నదీ పారేశాను.