మొదటి రీలు చూడని మనిషి

మా పిన్ని ముప్పై ఆరేళ్ళు సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపింది. రోజుకు నాలుగు ఆటలు. ఎన్ని సినిమాలు చూసిందో ఆవిడకే తెలీదు గానీ, ఒక్కటి కూడా మొదటినుంచి చూడలేదు. ఆట మొదలయ్యాక పది పన్నెండు నిమిషాలపాటు ఆలస్యంగా వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళ టికెట్లు చింపాలి, టార్చి వేసి సీటు చూపించాలి, "నా సీట్లో ఎవరో కూర్చున్నారు" అనేవాళ్ళ పంచాయితీ తీర్చాలి. అదంతా అయ్యి, తలుపు మూసి, తెరవైపు తిరిగేసరికి మొదటి రీలు అయిపోయేది.

వీధిలో అందరూ ఆవిణ్ణి టార్చమ్మ అంటారు. నేను వాళ్ళ పక్క పోర్షన్లో కుట్టు మిషను పెట్టుకుని బతుకుతున్నదాన్ని కాబట్టి ఆవిడ అభిప్రాయాలన్నీ అడక్కుండానే నా చెవిన పడతాయి. నాకు ఓపిక తక్కువ. ఆవిడకు ఆ తక్కువ కూడా లేదు.

"వాడు నటుడో కాదో తలుపు దగ్గర తెలిసిపోతుందే" అంటుంది. "ఆ గిరజాల జుట్టు హీరో ఉన్నాడే, ఎంత కోపంలో ఉన్నా చెయ్యి వెనక్కి పెట్టి చప్పుడు కాకుండా తలుపు మూసేవాడు. సొంతింట్లో ఉన్నట్టు. ఇప్పటివాళ్ళకు తలుపు తన్నడం వచ్చు గానీ వెయ్యడం వచ్చా?"

పాటల మీద ఆవిడ తీర్పుకు అప్పీలు లేదు. పాట రాగానే ఎంతమంది లేచి బయటికొచ్చారో గేటు దగ్గరున్న మనిషికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? ఊరంతా నెత్తిన పెట్టుకున్న పాట రేడియోలో మొదలైతే, "ఇదా? ఇది టీ పాట. సగం హాలు టీ కొట్టు దగ్గరుండేది" అని తీసిపారేస్తుంది. విలన్లలో బొంగురు గొంతాయనంటే ప్రాణం. ఆయన తెరమీద ఉన్నంతసేపు చంటిపిల్లల తల్లులు కూడా లేచేవారు కాదట. హీరోయిన్లలో మాత్రం ఒకే ఒక్కావిడ. "మాట్లాడటం అందరికీ వచ్చు. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడం ఆవిడ ఒక్కదానికే వచ్చు" అంటుంది. ఆ మాట అనే మనిషి మాత్రం మనల్ని ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వదు.

మరి మొదటి రీళ్ళ సంగతేమిటంటే, అవి బాబాయి చెప్పేవాడు. ఆయన అదే హాల్లో ఆపరేటరు. మార్నింగ్ షోకీ మ్యాట్నీకీ మధ్య ఇద్దరూ మెషిను గదిలో అన్నం డబ్బా విప్పేవారు. కొత్త సినిమా వచ్చిందంటే ఆవేళ అన్నంతోపాటు మొదటి రీలు కథ ఉండేది. హీరో ఎవరి కొడుకు, నుదుటి మీద ఆ మచ్చ ఎలా వచ్చింది, అన్నదమ్ములకు ఎందుకు పడదు, అన్నీ ఆయన చెప్పినవే. తరవాత అవే సినిమాలు టీవీలో వచ్చినా పిన్ని మొదటి పది నిమిషాలూ వంటింట్లోనే ఉండేది. "నాకు తెలిసిందేగా" అనేది.

మూడు నెలల కిందట బాబాయికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా దారికొస్తున్నాయి గానీ మాట రాలేదు. మాట నేర్పే డాక్టరమ్మ పిన్నిని పక్కకు పిలిచింది. "ఆయనకు అన్నీ అర్థమవుతున్నాయమ్మా. మాట్లాడగలరు కూడా. ప్రయత్నమే చెయ్యట్లేదు. ఈ కొద్ది నెలలే మనకు ముఖ్యం. ఇలాగే ఊరుకుంటే మాట్లాడకపోవడమే అలవాటైపోతుంది. నవ్వించండి, కోపం తెప్పించండి, ఎలాగోలా నోరు విప్పించండి" అంది.

పిన్ని చెయ్యని ప్రయత్నం లేదు. నీళ్ళు కావాలంటే "నీళ్ళు" అనమంది. ఆయన నీళ్ళే మానేశాడు. ఏం కావాలన్నా ఎడమచేత్తో చూపించడం, ఇవ్వకపోతే గోడవైపు తిరిగి పడుకోవడం. ఒకరోజు పిన్ని నా మిషను దగ్గరికొచ్చి, కింద పడ్డ గుడ్డముక్కలు ఏరుతూ, "ఆ గొంతు ఎలా ఉండేదో మర్చిపోతున్నానే" అంది. పిన్ని ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఏడుపూ వచ్చింది, బాబాయి మీద కోపమూ వచ్చింది. ఆ రెండూ నాకెప్పుడూ కలిసే వస్తాయి.

ఉపాయం చెప్పింది నేనే. "పాత సినిమా ఒకటి మొదటినుంచీ పెడదాం పిన్నీ. మధ్యలో ఆపి, తరవాతేమవుతుంది బాబాయ్ అని అడుగుదాం. ఉండబట్టలేక ఆయనే చెప్తాడు" అన్నాను. పిన్ని వెంటనే గిరజాల జుట్టు హీరో సినిమా పెట్టమంది. అందులో అతను లాయరు దగ్గర గుమాస్తా. రైలు కూత వినపడితే చాలు, ఎక్కడివాడు అక్కడే ఆగిపోతాడు. ఎందుకంటే చిన్నప్పుడు స్టేషన్లో తల్లి చెయ్యి వదిలి తప్పిపోయాడు. అది మొదటి రీలు. తల్లిలేని బిడ్డ అని పిన్ని ఆ సినిమాకు వంద ఆటలు ఏడ్చింది.

ఆదివారం పొద్దున్న పదింటికి బాబాయిని దిండ్లకు ఆనించి టీవీలో ఆ సినిమా పెట్టాను. పిన్ని పేర్లు పడటం చూసి, "అబ్బో, ఎంతమంది పనిచేశారే!" అని ఆశ్చర్యపోయింది. పేర్లు అయిపోయాయి. తెరమీద పిల్లాడూ లేడు, తల్లీ లేదు. గిరజాల జుట్టు హీరో ఒకే ఇంటిని నవ్వుతూ ఇద్దరికి అమ్మి, కదులుతున్న రైలెక్కి ఉడాయించాడు. అతన్ని పట్టుకోబోయిన ముసలాయన ప్లాట్‌ఫారం మీద కూలబడిపోయాడు.

"ఇది వేరే సినిమా" అంది పిన్ని.

"అదే సినిమా పిన్నీ."

"అయితే ఎవరో దొంగముండాకొడుకు ముందు ఇంకేదో అతికించాడు."

ఇంకో సినిమా పెట్టాను. బాబాయి చెప్పినదాని ప్రకారం అందులో మొదట ఇల్లు తగలబడాలి. తెరమీద నిప్పురవ్వ కూడా లేదు, పెళ్ళిచూపులతో మొదలైంది. మూడోది పెట్టబోతుంటే పిన్ని నా చేతిలో రిమోటు లాక్కుని టీవీ కట్టేసింది. బాబాయి కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు. ఆయనకు నటన రాదు.

"ఏమయ్యా, కళ్ళు తెరువు" అంది పిన్ని. "నువ్వూ చూళ్ళేదు కదూ? మొదటి రీలు తిరుగుతున్నంతసేపూ మెషిన్లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీల మంట సరిచేసుకుంటూ, రెండో మెషిన్లో రీలు ఎక్కించుకుంటూ ఉండేవాడివి. తెరవైపు చూసే తీరిక నీకెక్కడిది? ఇన్నేళ్ళూ నా చెవిలో పువ్వులు పెట్టావా! ఎదురింటి టీచరమ్మ, ఆ గుమాస్తా మోసగాడు కదండీ అన్నందుకు రెండేళ్ళు ఆవిడతో మాటలు మానేశానయ్యా! నేనూ చూళ్ళేదే అని ఒక్కమాట చెప్తే నోరు పడిపోయేదా నీకు?"

అనేసింది. అన్నాక ఆ మాట ఆవిడ చెవికే తగిలింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

బాబాయి కళ్ళు తెరిచాడు. మొహం ఎర్రబడింది. పెదవి ఒకవైపే కదిలింది.

"కూ" అన్నాడు.

నేను మాట అందించబోతే పిన్ని నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"కూ... కూర్చునే... దానివి."

"ఏంటయ్యా?"

"కథ... చెప్తే... కూర్చునే...దానివి."

గేటు దగ్గర స్టూలు వెయ్యనిచ్చేవాడు కాదు ఆ హాలు యజమాని. నాలుగు ఆటలూ నిలబడే ఉండాలి. పొద్దుటి ఆట విడిచాక హాలు ఊడ్చే పని కూడా ఆవిడదే. డబ్బాలో నాలుగు ముద్దలు గుమ్మంలో నిలబడే మింగి, చీపురు పట్టుకుని పరుగెత్తబోయేదట. కొత్త సినిమా కథ ఉందంటేనే ఆగేదట. ఇవన్నీ పిన్ని నాకు తరవాత చెప్పింది. అప్పుడు మాత్రం నన్ను పక్కకు తప్పించి, మంచం అంచున, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"కూర్చున్నానయ్యా" అంది. "చెప్పు."