లైను చివరి ఇల్లు

మా ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోవాల్సిందేననీ ఏలూరు ఆసుపత్రిలో చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి మాట కరెంటు గురించే. మిషను అమ్మే షాపాయన నవ్వాడు. "మూడొందల యాభై వాట్లేనండీ. మీ మిక్సీ లాగేంత కరెంటు కూడా లాగదు." వాట్లు తక్కువైతే చాలనుకుని సంతోషించాను. నా మొహం, నాకేం తెలుసు!

మాది పెదపాడు అవతల రొయ్యల చెరువుల మధ్య ఇల్లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగ మా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లు తిరగడం మొదలెడితే మా బల్బు ఎర్రబడుతుంది, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. మిషను మాత్రం బల్బులా సర్దుకోదు. కుయ్యోమని అరిచి ఆగిపోతుంది. స్టెబిలైజర్ పెడితే అదీ టిక్కుమని చేతులెత్తేసింది. ఇన్వర్టర్ బ్యాటరీ ఆ కరెంటుకి నిండనే లేదు.

లైన్‌మన్ వచ్చి మీటరు పెట్టి చూసి తల గోక్కున్నాడు.

"వాట్లంటే వస్తువు ఎంత తింటుందో అదండీ. వోల్టేజీ అంటే కరెంటు ఎంత జోరుగా వస్తుందో అది. రెండొందల ముప్పై రావాల్సింది మీకు నూట ముప్పై వస్తోందండీ. కుళాయి లైను చివరింటికి నీళ్లు సన్నగా రావా? అంతే."

"మరి మేమేం చెయ్యాలి బాబూ?"

"పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి రాసి పంపామండీ. వస్తే..."

ఆ 'వస్తే' వినీ వినీ నా ప్రాణం విసిగిపోయింది.

శ్రావణంలో ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువు నీళ్లలో గాలి తగ్గి రొయ్య పైకి తేలి చచ్చిపోతుంది. అందుకని ఏరియేటర్లు పగలు కూడా ఆపరు. తెచ్చి పెట్టుకున్న ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ అయిపోయింది. రోడ్డు మునిగి ఇంకోటి రాలేదు. ఆయన పెదాలు నల్లబడుతుంటే పక్క చెరువు రైతు దగ్గరికి వానలోనే పరిగెత్తాను. మా ఆయన ఏళ్ల తరబడి మేత వేసి, కాపలా కాసిన చెరువది.

"ఒక్క గంట ఆపండి తమ్ముడూ, మీకు దణ్ణం పెడతాను."

"అయ్యో, అంత మాటెందుకక్కా! ఆపేస్తున్నా, మీరు వెళ్లండి."

పాపం, వెంటనే ఆపేశాడు. ఇంటికొచ్చేసరికి బల్బు తెల్లగా వెలుగుతోంది, మిషను గురగురమంటోంది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన మాత్రం చెవులు రిక్కించి వింటున్నారు.

"ఏరియేటర్లు ఆగాయేంటే?"

"నేనే ఆపించానండీ."

"ముసుర్లో ఆపిస్తావా? బుద్ధుందా? రొయ్య తేలిపోద్ది. ఎళ్లి ఎయ్యమను."

"రొయ్య పోతే పోనివ్వండి! మీరు పోతేనో?"

ముక్కులో గొట్టం పీకి మంచం మీద పడేశారు. మళ్లీ పెట్టబోతే నా చెయ్యి తోసేశారు. "ఎయ్యమంటే గానీ పెట్టుకోను." మనిషి కాదు, మొండిఘటం. ఏడుస్తూ, తిట్టుకుంటూ వెళ్లి వెయ్యమని చెప్పాను.

తిరిగొచ్చేసరికి గొట్టం ఆయనే ముక్కుకి పెట్టుకున్నారు. మిషను ఆగిపోయి ఉంది. బయట నీళ్లు చిలుకుతున్న చప్పుడు వింటూ, "ఇప్పుడు బాగుంది," అన్నారు. సాయంత్రానికి పోయారు.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఈమధ్యే వేశారు. బల్బు కళ్లు చెదిరేలా వెలుగుతోంది. మిషను అమ్మెయ్యమని అందరూ అంటున్నారు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాని స్విచ్ వేసి, ఆయన మంచం మీద కూర్చున్నాను. చెరువుల్లో ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయి. మిషనూ తిరిగింది. ఎంతసేపటికీ ఆగలేదు. నేనే ఆపాను.