ఆముదం పూసిన పలకలు

ఒక బడినీ, అందులో చదివే ఇరవై ముగ్గురు పిల్లల్నీ కాస్తంత ఆముదంతో ముంచేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, నేనే. ఇన్నేళ్ళయినా తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. ఆనాటి నన్ను ఎవరైనా పట్టుకొచ్చి ఇప్పుడు నా ముందు నిలబెడితే, గోడకుర్చీ వేయించి సాయంత్రం దాకా లేవనివ్వను.

మాది దర్శి వైపు. ఇరవై ఏళ్ళకే మద్రాసు సర్కారువారి ట్రైనింగు పరీక్ష పాసై, భూమ్మీద కాలు ఆనకుండా తిరుగుతున్న రోజులు. మార్కాపురం దగ్గర పలకల గనులున్న ఒక పల్లెకు నన్ను వేశారు. బడి మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యవారిని. ఊళ్ళో సగంమంది గనిలో రాయి తీసి, పొరలుగా చీల్చి, పలకలు చేసేవాళ్ళు. పలక గురించి నాకు తెలిసిందల్లా దానిమీద రాస్తారన్న సంగతి ఒక్కటే.

వెళ్ళిన రోజే శాసనం చేశాను. "నేను పేరు పెట్టి పిలిస్తే తప్ప ఎవరూ నోరు తెరవగూడదు!"

"దప్పికయితే ఎట్ల అయ్యవారూ?" అన్నాడొకడు.

మొదటి బెత్తం దెబ్బ వాడికే. వారం తిరిగేసరికి బడిలో ఈగ వాలినా వినపడేది. దాన్నే నేను చదువు అనుకున్నాను.

అంతలో బడి తనిఖీకి ఇనస్పెక్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది. అయిదో తరగతిలో ఉన్నది ఒకే ఒక్క పిల్ల, మార్తమ్మ. గనిలో కూలికి పోయే ఏసోబు కూతురు. ఇనస్పెక్టరుగారు పరీక్షించి పాసని రాస్తేనే దానికి మిషన్ బోర్డింగులో సీటు. రాయకపోతే మర్నాటినుంచి తండ్రి వెంట గనికి పోయి రాళ్ళు మోయాలి. లెక్కల్లో ఆ పిల్ల నాకంటే చురుకు. ఈ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడైతే చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

తనిఖీ ముందురోజు నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. పలకలన్నీ బూడిద రంగులో వెలవెలబోతున్నాయి. దొర కళ్ళకు బడి నిగనిగలాడాలి కదా!

"అందరూ ఇంటికి పోయి పలకలకు ఆముదం బాగా పట్టించండి. అద్దంలో మాదిరి మొహం కనపడాల!"

మార్తమ్మ లేచి నిలబడింది. "అయ్యవారూ, నూనె పూస్తే..."

"నిన్ను పిలిచినానా?"

"కాదు అయ్యవారూ, బలపం..."

"కూచోవే! గని పిల్లకు కూడా నాకు చెప్పేంత చదువొచ్చిందా?"

కూచుంది. ఏం కూత కూశానో విన్నారుగా? పళ్ళు రాలగొట్టాల్సిన నోరది.

మర్నాడు ఇనస్పెక్టరుగారు మార్కాపురం నుంచి జట్కాలో దిగారు. కోటు, తలపాగా, ముక్కుమీద కళ్ళజోడు. ఇరవై మూడు పలకలు నల్లగా తళతళలాడుతున్నాయి. "భేష్!" అన్నారాయన. నా ఛాతీ చొక్కాలో పట్టలేదు.

"బండికి నలభై ఎనిమిది కట్టల పలకలు. పదిహేడు బండ్లకు ఎన్ని కట్టలు? రాయండి."

బలపాలు పలకలమీద జారాయి. ఒక్క గీత పడితే ఒట్టు. పిల్లలు గట్టిగా నొక్కారు, బలపాలు పుటుక్కున విరిగాయి. ఒక్కరూ నోరెత్తలేదు.

"ఏమయ్యా, ఒక్కరికీ లెక్క రాదా?"

"వచ్చండి! ఒరేయ్, రాయండిరా! ఏమైందో చెప్పండి! నోళ్ళు పడిపోయినాయా?"

ఎవరు చెబుతారు? నేను పేరు పెట్టి పిలవలేదుగా! ఇరవై ముగ్గురూ పెదవులు బిగించి నావంకే చూస్తున్నారు. ఇంత గొప్ప క్రమశిక్షణ అప్పట్లో మా ఊరున్న కర్నూలు జిల్లా మొత్తంలో మరెక్కడా ఉండి ఉండదు.

ఆయన ఒక పలక అందుకుని తనే గీసి చూశారు. వేళ్ళు వాసన చూసుకున్నారు. "ఆముదమా?" అంటూ పొరపాటున చెయ్యి కోటుకే తుడుచుకున్నారు. ఇక చూడండి ఆ మొహం!

"అందరూ తప్పారని రాసుకుంటాను!"

మార్తమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నోరు విప్పలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు నా శాసనం.

"మార్తమ్మా," అన్నాను, "నువ్వు చెప్పమ్మా."

అంతే, గుక్క తిప్పుకోకుండా అంది: "పొయిలోని బూడిదేసి రెండుతూర్లు తోమితే నూనె పోతాది అయ్యవారూ. తెచ్చుకోమంటారా? నిన్ననే చెప్పబోయినాను, మీరు కూచోమన్నారు."

ఇనస్పెక్టరుగారు నావైపు తిరిగారు. ఆ చూపు ఇప్పటికీ నా వీపుకు గుచ్చుకుంటూనే ఉంది. "తెచ్చుకోమ్మా" అన్నారు ఆయనే.

పిల్లలు ఇళ్ళకు పరుగెత్తి, పిడికిళ్ళతో బూడిద తెచ్చి పలకలు తోమారు. అందరికంటే ముందు మార్తమ్మ పలక లేచింది. ఎనిమిది వందల పదహారు. ఆయన ఇంకో నాలుగు లెక్కలిచ్చారు, నాలుగూ చేసింది. పాసని అక్కడికక్కడే రాశారు. తనిఖీ పుస్తకంలో మాత్రం ఇలా రాసిపోయారు: "పిల్లలు చదువులో బాగున్నారు. అయ్యవారిని మరొక్కసారి బడికి పంపవలెను."

సాయంత్రం ఏసోబు దణ్ణం పెట్టడానికి వచ్చాడు. నా కోపమంతా అతని మీదికి మళ్ళింది.

"ఏసోబన్నా, రాత్రి నీ కూతురు ఇంట్లో పలకకు ఆముదం పూస్తావుంటే నువ్వు చూడలేదా?"

"చూడకేం, దగ్గరుండి నేనే పూయించినాను."

"పుట్టినకాడినుంచి పలకలు చేస్తావుండావు, బలపం పడదని తెలీదా?"

"తెలుసు అయ్యవారూ. ఊరందరికీ తెలుసు. రాత్రి అందరం కూచుని మాట్లాడుకున్నాం కూడా."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా!"

"సదువుకున్నోరు గదా, పిచ్చిపని ఎందుకు చేపిస్తారు? మాకు తెలీని శాస్త్రం ఏదో ఉంటాదిలే అనుకున్నాం."

ఆ రోజే తూర్పు తిరిగి, చెంపలు వాయించుకుని, ముక్కోటి దేవతల సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ పిల్ల లేచి నిలబడినా "కూచో" అనను, అది చెప్పేది ఆఖరు మాట దాకా వింటాను అని. కోపం మానేస్తానని మాత్రం ప్రమాణం చేయలేదు. దేవుళ్ళకు అబద్ధం చెప్పకూడదు కదా!