గీత దాటిన కుందేలు

ఆదోనిలో మా ఇంట్లో కొన్నాళ్ళుగా యుద్ధం నడుస్తోంది. దానికి కారణం ఇంకా మా గడపలో అడుగైనా పెట్టని ఒక కుందేలు. మనవరాలు కావాలంటుంది, కోడలు వద్దంటుంది, కొడుకు ఎవరి వైపు చూస్తే వాళ్ళకు తలూపుతాడు. తేవాలా వద్దా అన్నది తేలకముందే ఎక్కడినుంచి తేవాలన్న తగువు కూడా మొదలైంది. ఇక్కడ బజారులో పక్షులమ్మే అంగడి ఉంది. ఎమ్మిగనూరులో కుందేళ్ళు సాకే అతనొకడున్నాడు. అతను మా పెద్దనాయన మనవడని తెలిసిన మరుక్షణం నేను కోడలి పక్షంలో చేరిపోయాను. ఈమధ్య నాకు చెవులు సరిగా వినబడవు గానీ, ఆ ఇంటి మాటెత్తితే మాత్రం అవే నిక్కబొడుచుకుంటాయి.

నా ఈడువాళ్ళకు తెలుసు, అప్పట్లో ఎమ్మిగనూరులో మా నేతపనివాళ్ళ ఇళ్ళలో అన్నదమ్ములు వేరుపడితే పొయ్యిలు వేరయ్యేవి గానీ, మగ్గాలున్న కొట్టం మాత్రం ఒకటే ఉండిపోయేది. కిటికీ పక్క వెలుతురున్న మగ్గం పెద్దనాయన తీసుకున్నాడు, చీకటి మూలది మా నాయనకొచ్చింది. ఆ వెలుతురు దగ్గరే మాటలు తెగిపోయి, కొట్టం మధ్యలో సున్నంతో ఒక గీత వెలిసింది. గీతకు చెరోవైపు మగ్గం గుంటల్లో కాళ్ళు దించుకుని, ఒకరి దగ్గు ఒకరికి వినబడేంత దగ్గరలో కూర్చుని, పొద్దస్తమానం మాటా మంతీ లేకుండా ఇద్దరూ చీరలు నేసేవాళ్ళు.

అలాంటి ఇంట్లో నేను కుందేలు కావాలని ఏడ్చాను. నాయన కళ్ళెర్రజేసి వద్దన్నాడు, ఆ కథ అక్కడితో ముగిసేదే. కానీ గీతకు ఆవలినుంచి పెద్దమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు గోడతో అన్నది: "తిననీకి గతిల్యాకున్నా కుందేలు కావల్లంట దొరసానికి!" అంతే, మా నాయన మగ్గం ఆపేసి లేచాడు. నా ఏడుపు చేయలేని పని పెద్దమ్మ ఎగతాళి చేసిపెట్టింది. ఆదోని సంతలో కుందేళ్ళు దొరుకుతాయి గానీ అమ్మేది పెద్దమ్మ పుట్టింటివాళ్ళు, కాబట్టి ఆ దిక్కు చూడనైనా చూడలేదు. గోనెగండ్లలో మా మేనమామ సాకుతున్న వాటిలో తెల్లదాన్నొకదాన్ని గంపలో పెట్టుకుని, పెద్దనాయన వాకిలి ముందునుంచే, కావాలని నింపాదిగా నడుస్తూ ఇంటికి తెచ్చాడు.

అమావాస్యనాడు మగ్గం మీద కూర్చోరు కదా. ఖాళీగా ఉన్న గుంట కుందేలుకు బొరియలా బాగుంటుందని నాయన దాన్ని అందులో దింపాడు. నేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ అంత తెలివైన పొరపాటు చేయలేరు. మగ్గం మీది పడుగు పోగులకు గంజి పడతామని, గంజంటే తిండేనని మాలో ఒక్కరికీ తట్టలేదు. అది గుంటలోంచి ఎగిరి, మా పాత గంజిని వాసన చూసి వదిలేసి, గీత దాటి, పెద్దనాయన ముందురోజే గంజి పట్టి మగ్గానికెక్కించిన కొత్త పడుగును తీరిగ్గా భోంచేసింది.

పెద్దనాయన అరుపుకు వీధి వీధంతా వాకిట్లోకొచ్చింది. "దీన్ని మా మీదికి ఉసిగొల్పనీకే తెచ్చినారు!" అన్నాడు. పెద్దమ్మ అందుకుంది: "ఈడ గీతుండాదని మీ కుందేలికి సెప్పల్యా?" మా అమ్మ ఊరుకుంటుందా, "గీసినోళ్ళే సెప్పుకోవల్ల, మాకేం పని!" అన్నది. నేను కుందేలును గుండెకు అదుముకుని నిలబడ్డాను. 

తెగిన పడుగును అలా వదలకూడదు, పోగుకు పోగు వెతికి అతకాలి. మగవాళ్ళిద్దరూ చేతులు కట్టుకుని చెరో గోడను చూస్తుంటే, పెద్దమ్మే కసిరింది: "ఏమ్మే, గుడ్లప్పగించి సూస్తాండావే, ఆ కొస పట్టు!" అమ్మ గీత దాటి వెళ్ళి కూర్చుంది. పొద్దుగూకేదాకా ఇద్దరూ ఒకరి పుట్టింటిని ఒకరు ఏడు తరాల వెనక్కి తిడుతూనే, ఒకరు అందించిన పోగును ఇంకొకరు పురి పెట్టి అతికారు. పని ముగిశాక అమ్మ లేచి గీత దాటి ఇవతలికొచ్చింది. తెల్లారి నా కుందేలు గోనెగండ్లకు తిరిగిపోయింది. ఆ నెలలోనే గీత ఉన్నచోట గోడ లేచింది. ఆ గోడ మీద పగతోనే నేను పెరిగాను, పెళ్ళయి ఆదోనికొచ్చాను. పెద్దలంతా ఒక్కొక్కరే పోయారు, మా సగం కొట్టం కూడా మధ్యవర్తి ద్వారా వాళ్ళకే అమ్ముడైపోయింది.

నిన్న మనవరాలు నన్నడగకుండా ఆ ఎమ్మిగనూరు పిల్లవాడికి వీడియో ఫోను చేసి నా మొహం ముందు పెట్టింది. అతను కుందేళ్ళను చూపిస్తున్నాడు. నేను కొట్టాన్ని గుర్తుపట్టాను. గోడ లేదు, జాగా చాలలేదని కొట్టేశాడట. మగ్గాలు లేవు. కిటికీ పక్క గుంటలోనూ, చీకటి మూల గుంటలోనూ కుందేళ్ళు మెత్తగా పడుకుని ఉన్నాయి. ఇన్నేళ్ళుగా పెద్దమ్మ కోసం దాచుకున్న మాటొకటి నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అతను నవ్వుతూ, "రా అవ్వా, ఇది మీ ఇల్లే గదా. మీరెందుకు రారో మా ఇంట్లో ఎవురికీ తెల్దు," అన్నాడు.

ఆదివారం వెళ్తున్నాం. పక్షం మార్చానని కోడలు ఇంకా నాతో మాట్లాడటం లేదు. పెద్దమ్మకు చెప్పవలసిన జవాబు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అవతలి కొస పట్టుకోవడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు.