ఏడో దిమ్మె

బాలనర్సయ్య పనిమంతుడే, అందులో ఎవరికీ అనుమానం లేదు. తప్పు ఒప్పుకోవడమొక్కటే ఆయనకు చేతకాదు. గచ్చిబౌలి ఫ్లాట్లలో తను బిగించిన అలమారా తలుపు వానాకాలంలో పట్టేస్తే కట్టె ఉబ్బిందనేవాడు. ఎండాకాలంలో పట్టేస్తే ఏసీ గాలి పడలేదనేవాడు. ఏ కాలమూ కలిసి రాకపోతే గోడ వంకర. ముప్ఫై ఏళ్ల వడ్రంగంలో తప్పన్నది ఆయన ఉలి దాకా ఒక్కసారీ రాలేదంటే చూసుకోండి!

రెండేళ్లుగా మాదాపూర్‌లో ఒక చిన్న మాంటిస్సోరి బడికి చెక్క సామాను చేసిస్తున్నాడు. బడి నడిపే జయంతిది కాకినాడ. మొదటిరోజే ఆమె సంగతంతా వివరించింది.

"మా దగ్గర తప్పని టీచరు చెప్పదండీ, వస్తువే చెబుతుంది. ఈ చెక్కలో పది గుంటలు, వాటికి పది దిమ్మెలు, ఒక్కోటి ఒక్కో కొలత. ఒకదాని గుంటలో ఇంకోటి పెడితే చివర్న ఒకటి మిగిలిపోతుంది. ఎక్కడ పొరపాటైందో పిల్లలే వెతుక్కుంటారు. అందుకే కొలతలో వెంట్రుకవాసి తేడా రాకూడదండీ."

"నా చెయ్యి సంగతి మీకెరుక లేదు మేడం. జర గూడ ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు బాలనర్సయ్య.

ఈ జూలైలో కొత్త చెక్క ఇచ్చాడు. వారం తిరిగేసరికి జయంతి ఉన్నపళంగా రమ్మని ఫోన్ చేసింది. బడికి వెళ్లాక సంగతి చెప్పింది.

రసజ్ఞ అని నాలుగేళ్ల పిల్ల, మూడు రోజులు ఆ చెక్క ముందే కూర్చుందట. తొమ్మిది దిగుతున్నాయి, ఏడోది దిగదు. అన్నీ తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది. జయంతి దూరాన నిలబడి, ఆహా ఎంత ఏకాగ్రత, కదిలించకూడదు అని మురిసిపోయింది. నాలుగో రోజు పిల్ల చెక్కను అరలో పెట్టేసి "నాకు రాదు" అంది. అప్పట్నుంచి దేన్నీ ముట్టుకోవడం లేదు. గ్లాసులో నీళ్లు పోసుకోమన్నా అదే మాట.

"అప్పుడు నేను పెట్టి చూశానండీ. గట్టిగా అదిమితే తప్ప నాకూ దిగలేదు. మూడు రోజులూ ఆ పిల్ల సరిగ్గానే పెట్టింది, నేను ముచ్చటగా చూస్తూ నిలబడ్డాను!" జయంతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వానలు గద మేడం, కట్టె ఉబ్బి..." అలవాటు మాట నోట్లోంచి వచ్చేసింది, సగంలోనే ఆగిపోయింది. వాన కాదు. ఆయనకు తెలుసు. ఆ చెక్క చేసిన రోజు వేరేవాళ్ల వంటింటి పని తొందరలో, ఏడో దిమ్మె బిగుతుగా ఉందని తెలిసీ బొటనవేలితో అదిమి దింపాడు. పిల్లలు ఆడంగ ఆడంగ అదే సాఫైతది అనుకుని ఆటో ఎక్కించాడు.

"పొద్దుమీకేవరకు ఇంకోటి చేసి తెస్త," అన్నాడు, బయటపడితే చాలన్నట్టు.

"చెక్క మార్చొచ్చండీ. తనకి రాదని ఆ పిల్ల అనుకుంటోందే, దాన్నేం చేద్దాం?"

గోడ వారన చాప మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న పిల్లను చూశాడు. చేతులు ఒళ్లో దాచుకుంది. వెళ్లి ఎదురుగా చతికిలబడ్డాడు.

"బిడ్డా, ఆ చెక్క నేనే చేసిన. నువ్వు మంచిగనే పెట్టినవ్. తప్పు నీది గాదు, నాది." ఆ ఒక్క మాటకు చెవులు వేడెక్కాయి.

రసజ్ఞ తలెత్తింది. "నీకు రాలేదా తాతా?"

"రాలే."

పిల్ల లేచి అరలోంచి చెక్కను రెండు చేతులా మోసుకొచ్చి, ఏడో దిమ్మె తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"మళ్లీ చెయ్యి. మెల్లగా చెయ్యి. నేనేమీ అనను," అంది.

బాలనర్సయ్య కళ్లు తుడుచుకుని, సంచిలోంచి గరుకు కాగితం తీశాడు.